పింగాణీ బోర్డు వెనకవైపు

సూర్యాపేట దాటి విజయవాడ దిక్కు పోయే హైవే మీద ఒక హోటలుంది. పేరు ఇక్కడ అక్కర్లేదు. లోపల గోడ నిండా పాత పింగాణీ బోర్డులు. చాయపత్తి, సబ్బు, సిగరెట్లు, కిరసనాయిలు – మా తాతల నాటి కంపెనీల ప్రకటనలు. ఒక్కో బోర్డు మీద ఒక్కో లైటు. కార్లు దిగి వచ్చినవాళ్లు వాటి ముందర నిలబడి ఫొటోలు దిగుతరు. నేను కూడా చాయ తాగుతూ చూస్తూ పోయి, ఒక బోర్డు దగ్గర ఆగిపోయిన. నీలం మీద తెల్లటి అక్షరాల చాయపత్తి బోర్డు అది. దాని కింది ఎడమ మూల మీద నా కన్ను పడ్డది. అక్కడ అరచేయంత జాగాలో నీలం కొంచెం వేరేగా ఉంది. రేకు ముక్క అతికి, లప్పం పెట్టి, రంగేసి కప్పిన్రు.

ఆ మూలను కత్తిరించింది మా నాయిన. తానాల నీళ్లు బయటికి పోయే తూముకు రేకు అడ్డమొస్తుందని కత్తిరించిండు. ఆ బోర్డు ఇరవై ఏండ్లకు పైగా మా ఇంటి తానాల తడుక. మా అమ్మ, మా అక్కలు దాని చాటున తానాలు చేసిన్రు. నేను దాని మీది అక్షరాలు కూడబలుక్కుంటూ ఇంగ్లీషు నేర్చుకున్న.

'ఎక్కడిది సార్ ఈ బోర్డు?' అని హోటలాయనను అడిగిన. 'ఏదో ఊర్లె చెత్తల దొరికిందట. మస్తు గలీజుండె. నెల రోజులు క్లీన్ చేయిస్తే గిట్ల తేలింది' అన్నడు. ఆయన మాటలో దురుసుతనం లేదు. సంబురంగానే చెప్పిండు. కానీ ఆ ఒక్క మాటలో మా ఇల్లు చెత్త అయింది, మా బతుకు గలీజు అయింది, మా నాయిన కత్తెర గాటు ఒక లోపమైంది. ఆ లోపాన్ని సరిచేసినందుకు ఎవరికో కూలి కూడా ముట్టింది.

పాత బోర్డులు సేకరించడాన్ని, శుభ్రం చేయడాన్ని మనం ఇంతవరకు డబ్బున్నోళ్ల సరదా అనుకొని వదిలేసినం. అది సరదా మాత్రమే కాదు, చరిత్ర రాసే పని కూడా. ఏ మరక ఉంచాలె, ఏ మరక తియ్యాలె అని నిర్ణయించేవాడు చరిత్రకారుని పనే చేస్తున్నడు. అందుకే ఆ పనిని విమర్శకు పెట్టవలసి ఉంది.

బోర్డు మొదటి బతుకు

పింగాణీ బోర్డు అంటే ఇనుప రేకు మీద కరిగించి అతికిన గాజు. ఇసుక, బొరాక్సు లాంటివి కరిగించి, చల్లార్చి, పొడి చేసి, ఆ పొడిని రేకు మీద పూసి సుమారు 800 డిగ్రీల వేడిలో కాలుస్తరు. ఒక్కో రంగుకు ఒక్కో పూత, చాలాసార్లు ఒక్కో కాల్పు. గాజు కాబట్టి ఎండకు వెలవదు, వానకు కరగదు. 19వ శతాబ్దం చివర ఇంగ్లండులో, జర్మనీలో ఈ పరిశ్రమ పెద్దదైంది. వలస పాలనలో సరుకుల వెంట బోర్డులు కూడా ఓడలెక్కి వచ్చినయి. తర్వాత మన దేశంలోనూ కార్ఖానాలు వెలిసినయి.

దేశంలో చాలాచోట్ల ఈ బోర్డులకు రైల్వే స్టేషన్లు పెద్ద నెలవు. మా మూడు పట్నాల కథ వేరు. సూర్యాపేటకు, కోదాడకు ఇప్పటికీ రైలు లేదు. మిర్యాలగూడకు కూడా 1980లకు ముందు లేదు. ఇక్కడి బోర్డులు సడక్ మీద వచ్చినయి. నిజాం రైల్వే వాళ్లు 1932లో బస్సులు మొదలుపెట్టిన తర్వాత బస్సులు ఆగే చోట హోటళ్లు, కిరాణం దుకాణాలు పెరిగినయి. బోర్డులు వాటి గోడలెక్కినయి. కోదాడ నిజాం రాజ్యపు అంచు. అవతల జగ్గయ్యపేట, మద్రాసు ప్రెసిడెన్సీ. సరుకు సరిహద్దు దాటాలంటే కరోడ్‌గిరి సుంకం కట్టాలె.

చదవడం తెలిసినవానికి బోర్డు తన వయసు తానే చెబుతుంది. అణాల్లో ధర ఉంటే అది 1957 ఏప్రిల్‌లో దశాంశ నాణేలు రాకముందుది. బర్మా షెల్ పేరుంటే 1976లో ఆ కంపెనీ జాతీయమై, తర్వాత భారత్ పెట్రోలియంగా మారకముందుది. చార్మినార్ సిగరెట్టు బోర్డు అయితే దాని వెనక 1930లో హైదరాబాదులో రిజిస్టరైన వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ ఉంటుంది. ఇంతవరకు సేకరణదారులు కూడా చెబుతరు, బాగనే చెబుతరు. వాళ్లు అడగని ప్రశ్న ఒకటుంది. ఈ బోర్డు ఎవరిని రమ్మన్నది, ఎవరిని రావద్దన్నది?

చాయపత్తి బోర్డునే తీసుకుందాం. చాయ తాగుడు మనకు తాతల నాటి అలవాటు కాదు. ఎగుమతయ్యే తేయాకు మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో ప్రచారం చేసేందుకు 1903లో చట్టం వచ్చింది. 1930లలో ప్రపంచ మాంద్యం వచ్చి బయట గిరాకీ పడిపోయినంక, మిగిలిన ఆకును ఈ దేశపు జనంతోనే తాగించాలని ప్రచారం ఊరూరికి తీసుకొచ్చిన్రు. ఒక సామ్రాజ్యపు సరుకు జాతీయ పానీయంగా ఎట్ల మారిందో చరిత్రకారుడు గౌతమ్ భద్ర 2005లో వివరించారు. ఆ ఆకు తెంపిన చేతులు ఎవరివో కూడా మనకు తెలుసు. అస్సాం తోటలకు ఛోటానాగపూర్ ఆదివాసులు పోయిన్రు, సిలోను తోటలకు తమిళ దళితులు పోయిన్రు. విశాఖ, గంజాం దిక్కు నుంచి కూడా కూలీలను తోలుకపోయిన్రు.

తెంపింది మనమే సరే, తాగింది ఏ కప్పులో? మా నాయినమ్మ చెప్పేది. బోర్డున్న హోటలు మెట్లు మావోళ్లు ఎక్కొద్దు. చూరుకు ఒక సీల, ఆ సీలకు తగిలించిన పింగాణీ కప్పు. పూత లేచిపోయి చిలుము పట్టిన కప్పు. అది తీసుకొని కింద నిలబడితే, తగలకుండా పైనుంచి పోస్తరు. తాగి, కడిగి, మళ్లీ సీలకు తగిలించాలె. బోర్డూ పింగాణీదే, కప్పూ పింగాణీదే. ఒకటి గోడ నెత్తిమీద, ఇంకొకటి చూరు కింద. ఆ హోటల్లో బోర్డును తుడిచేవాళ్లు ఉన్నరు గాని మా కప్పును మాత్రం మేమే కడుక్కోవాలె.

1950 జనవరి 26న రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో అంటరానితనపు నేరాల చట్టం వచ్చింది. 1976లో దాన్నే సవరించి పౌరహక్కుల పరిరక్షణ చట్టమన్నరు. కప్పు పోయి గ్లాసు వచ్చింది. ఒక గ్లాసు పోయి రెండు గ్లాసులు వచ్చినయి. ఉమ్మడి రాష్ట్రంలో జస్టిస్ పున్నయ్య కమిషన్ విచారణ జరిపే నాటికి కూడా ఆ పద్ధతి పోలేదు. చట్టాలు ఇన్నిసార్లు పేర్లు మార్చుకున్నా బోర్డు మీది అక్షరాలు మాత్రం అట్లనే మెరుస్తున్నయి. ఇప్పుడు హోటలు గోడ మీద బోర్డును పెట్టినవాళ్లు దాని పక్కన ఆ కప్పును ఎందుకు పెట్టరు? అదీ పాతదే గదా! అదీ పింగాణీదే గదా!

సబ్బు, నీళ్లు

సబ్బు బోర్డుల సంగతి ఇంకా చిత్రం. 1888లో కలకత్తా రేవులో సన్‌లైట్ సబ్బు పెట్టెలు దిగిన నాటి నుంచి శుభ్రత ఒక సరుకైంది. పైసలు పెడితే ఎవరైనా శుభ్రం కావచ్చునని ఆ బోర్డులు చెప్పినయి. వినడానికి బాగుంటది. సబ్బు కొనుక్కున్నవాడు ఏ చెరువుకు పోవాలె, ఏ బావిలో చేద వెయ్యాలె అన్నది బోర్డు చెప్పలేదు.

1927 మార్చి 20న మహాడ్ చెరువు నీళ్లు ముట్టడానికి అంబేద్కర్ వేలమందితో నడిచి పోవలసి వచ్చింది. 1934లో ఆయన మన నిజాం రాజ్యంలోనే దౌలతాబాదు కోట చూడడానికి వచ్చి, తోటివాళ్లతో కలిసి అక్కడి చిన్న కొలనులో దుమ్ము కడుక్కుంటే, నీళ్లు మైలపడ్డయని గొడవ లేచింది. ఆ అనుభవాన్ని ఆయనే రాసి పెట్టిండు. దుమ్ము కడుక్కొని శుభ్రం కావడమే అక్కడ నేరమైంది. దుమ్ముతో ఉంటే గలీజోళ్లు అంటరు, కడుక్కుంటే నీళ్లు గలీజు చేసిన్రంటరు. ఈ లెక్కలో శుభ్రమనేది సబ్బుకు సంబంధించింది కాదు, పుట్టుకకు సంబంధించింది.

పైగా శుభ్రం చేసే విద్య ఎవరిది? సబ్బు రాకముందు చౌడు మట్టితో బట్టల మురికి తీసింది చాకలోళ్లు. పచ్చితోలును సున్నంలో నానబెట్టి, తంగేడు చెక్క రసంలో ఊనబెట్టి, కుళ్లకుండా నిలబెట్టింది మాదిగలు. ఈ పనుల్లో ఉన్న విజ్ఞానాన్ని కంచ ఐలయ్య చాలాకాలంగా రాస్తున్నరు. లోకాన్ని శుభ్రం చేసే కులాలను గలీజు కులాలన్నరు. బోర్డులు తళతళలాడించే పనిలో కూడా ఈ వరసే నడుస్తున్నది.

బోర్డు రెండో బతుకు

రాను రాను గోడమీద రంగులతో రాసే ప్రకటనలు, అచ్చేసిన పల్చటి రేకులు, ఆ తర్వాత ఫ్లెక్సీలు వచ్చినయి. సాగర్ ఎడమ కాలువకు నీళ్లొచ్చినంక మిర్యాలగూడ చుట్టూ రైసు మిల్లులు లేచినయి, పాత దుకాణాలు కూలి కొత్తవి పడ్డయి. పింగాణీ బోర్డులు కిందికి దిగినయి. తుక్కు కొట్లల్ల కాటా మీద కిలోల లెక్కన తూగినయి. అక్కడి నుంచి, లేదంటే కూల్చిన గోడల దగ్గర కూలికి పోయినవాళ్ల నెత్తి మీద, వాడలకు వచ్చినయి.

వాడలో బోర్డు ఏమైంది? గుడిసె మీద కప్పు అయింది. వాన జల్లు కొట్టకుండా గోడకు అడ్డమైంది. కోళ్ల గూటికి తలుపు, పందుల దొడ్డికి దడి, పొయ్యి వెనక మసి రేకు, మా ఇంట్ల అయితే తానాల తడుక. దుకాణం మెట్లెక్కనీయని బోర్డు మా ఇంటి గోడైంది. వాళ్లకు పనికిరాకుండా పోయిన రోజే అది మాకు పనికొచ్చింది.

ఈ రెండో బతుకుకు సాక్ష్యం బోర్డు మీదనే ఉంటుంది. బోర్డు తయారుచేసేటప్పుడు మూలలకు, అంచులకు సీలల కోసం బెజ్జాలు సాధారణంగా ముందే కొట్టి, తర్వాత పూత పూసి కాలుస్తరు. అందుకని ఆ బెజ్జాల అంచులు గుండ్రంగా, గాజు కమ్ముకొని ఉంటయి. మనోళ్లు తర్వాత సీల పెట్టి కొట్టిన బెజ్జం అట్ల ఉండదు. సుత్తి దెబ్బకు చుట్టూ గాజు పెచ్చులుగా లేచి, నక్షత్రం లెక్క పగులుతుంది. అక్కడ ఇనుము బయటపడి చిలుము మొదలైతది. మొదటి రకం బెజ్జాలు కంపెనీవి, రెండో రకం మనవి. ఎన్నిసార్లు ఇల్లు మారితే అన్ని కొత్త బెజ్జాలు. బోర్డును తిప్పితే వెనక మసి, సున్నం, అలుకు పిడచలు. ముందువైపు కంపెనీ రాసుకున్నది. వెనకవైపు మనం రాసుకున్నం, చదువు రాకుండానే.

శుభ్రం చేసుడు

ఇక శుభ్రం చేసే పని. డిగ్రీ చదివే రోజుల్లో సెలవుల్లో నేనొక తుక్కు కొట్టులో పనిచేసిన. కాబట్టి ఇది పుస్తకం మాట కాదు. సరైన పద్ధతి ఓపికది. ముందు నీళ్లు, మెత్తటి బట్ట, కొంచెం సబ్బు. జిడ్డుకు కిరసనాయిలు. సున్నపు చారలకు నానబెట్టి చెక్క ముక్కతో గీకుడు. చిలుముకు చింతపండు పులుసు కొద్దిసేపు పెట్టి, వెంటనే కడిగి, తడి లేకుండా తుడిచి, మైనమో నూనెనో పల్చగా రాయాలె. ఇత్తడి బిందెలు తోమిన ఆడోళ్లందరికీ తెలిసిన విద్యే ఇది. ఇటుక పొడి, ఇసుక కాగితం, ఇనుప బ్రష్ పెడితే గాజు గీతలు పడి మెరుపు చచ్చిపోతది.

కొనేటోనికి తొందర. ఆ తొందరకు బాత్‌రూం యాసిడ్ పోస్తరు. యాసిడ్ చిలుముతో పాటు ఇనుమును తింటది, గాజును మసకబారుస్తది. పాత పూతల్లో సీసం ఉండొచ్చు, ఎరుపు పసుపు రంగుల్లో కాడ్మియం ఉండొచ్చు. మిషను పెట్టి గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతది. గ్లౌజులు లేవు, ముక్కుకు గుడ్డ లేదు. నాతో పనిచేసిన పిల్లలు ఎస్సీలు, ముస్లిములు, సంచార కులాలోళ్లు. మనుషులతో పాకీపని చేయించొద్దని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చినయి. కానీ గలీజు ముట్టే పని ఫలానావాళ్లదే అనే లెక్క మాత్రం అన్ని కొట్లల్ల చెల్లుతనే ఉంది. గోడ మీది బోర్డు కింద సేకరించినాయన పేరు ఉంటది. తోమిన పిల్లగాని పేరు ఉండదు.

ఇందులో ఇంకొక కపటం. ఇప్పుడు కొత్తగా చేసిన నకిలీ బోర్డులు అమ్ముతున్నరు. అవి పాతగా కనబడాలని వాటికి కావాలని దెబ్బలు కొట్టి, యాసిడ్ పోసి చిలుము పట్టిస్తరు. అసలు బోర్డు మీద మన సీల దెబ్బలను లప్పంతో పూడుస్తరు, నకిలీ బోర్డు మీద లేని దెబ్బలను పుట్టిస్తరు. అంటే వాళ్లకు పాతదనం కావాలె గాని పాతకాలంలో బతికిన మనుషులు అక్కర్లేదు.

రెండు అభ్యంతరాలు

ఈ వాదన మీద రెండు అభ్యంతరాలు నాకు ఎదురైనయి. మొదటిది సేకరణదారులది. 'మేం తీసి పెట్టకుంటే ఇవన్నీ కొలిమిల కరిగిపోయేటివి గదా' అంటరు. నిజమే, ఒప్పుకోవాలె. మనం దాచలేనిది వాళ్లు దాచిన్రు. కానీ దాచడానికి సగం తుడిచెయ్యాల్సిన అవసరం లేదు. సూర్యాపేటకు దగ్గరి ఫణిగిరి బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా పోయినయి. అక్కడ కూడా అవి ఫణిగిరివే. అవి విరిగిన చోట విరిగినట్లే ఉంటయి, ఎవరూ లప్పం పెట్టి రంగెయ్యరు. రాయి దొరికిన జాగా రాసిపెట్టే విద్య మనకు తెలుసు. రేకు దొరికిన జాగా వాడ అయినప్పుడే అది 'ఏదో ఊర్లె చెత్త' అయితది.

రెండో అభ్యంతరం మా అమ్మది. అది ఇంకా బరువైంది. హోటల్లో బోర్డు కనబడ్డదని ఇంటికొచ్చి ఆవేశంగా చెప్పిన. 'అమ్ముకున్నది మనమే గదరా' అన్నది. 2006లో ఇందిరమ్మ ఇండ్ల పథకం మొదలైనంక కొన్నేండ్లకు మాకు ఇటుక గోడల ఇల్లు, తలుపున్న బాత్‌రూం వచ్చినయి. ఆ నెలలోనే ఆమె బోర్డును కాటాకేసింది. 'గా రేకు చాటున నేను ఎట్ల తానం చేసిన్నో నీకు తెలుసా? నడుము పైకి లేపితే దొర పొలంకెల్లి కనబడేది. గది నీకు చరిత్రనా బిడ్డా? పోతే పీడ పోయిందనుకున్న' అన్నది.

ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేకుండె. రోజుల తరబడి ఆలోచించిన. మా అమ్మ చెప్పింది నా వాదనకు ఎదురు కాదు, దాన్ని సరిచేసేది. వాడలో బోర్డు బతుకును నేనొక అందమైన కథ చెయ్యబోయిన. లేమిలో తెలివిగా బతికినం అని గర్వపడబోయిన. అది కూడా ఒక రకం పాలిష్‌యే. హోటలాయన కంపెనీ మెరుపు కోసం తోమిండు, నేను మన గౌరవం కోసం తోమబోయిన. ఇద్దరం కూడా నడుము వంచి తానం చేసిన ఆడమనిషిని తుడిచేసినట్లే. దాయవలసింది మా చాతుర్యాన్ని కాదు. ఆ రేకు ఎత్తు ఎంతో, అది ఎవరికి ఎంత చాలలేదో అది దాయాలె. కత్తిరించిన మూలలో ఉన్నది ఆ కొలతే.

చెయ్యవలసింది

కాబట్టి బోర్డులు సేకరించొద్దని నేననను. మనం కూడా సేకరించాలె. సేకరించే పద్ధతిని మార్చాలె. మట్టి, జిడ్డు తియ్యండి, చిలుము ఇంకా తినకుండా ఆపండి. కానీ బెజ్జాలు పూడ్చొద్దు, కత్తిరించిన అంచులు అతకొద్దు, వెనకవైపు గీకొద్దు. కడగకముందు రెండు వైపులా ఫొటోలు తియ్యాలె. ఏ ఊరు, ఏ వాడ, ఎవరి ఇల్లు, దేనికి వాడిన్రు, ఎంతకు అమ్మిన్రు, ఎవరు తోమిన్రు – ఇయ్యన్నీ రాసిపెట్టాలె. మనిషి తన పేరు రాయొద్దంటే రాయొద్దు, వాడ పేరన్నా రాయాలె.

ఈ పని స్కూలు పిల్లలు కూడా చెయ్యగలరు. కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట చుట్టుపక్కల పనిచేసే టీచర్లు ఒక్కరోజు పిల్లలను వెంటబెట్టుకొని పాత ఇండ్ల చూర్లు, దొడ్లు, తుక్కు కొట్లు చూసి రావచ్చు. రేకును తిప్పి చూడమనాలె. ముసలోళ్లను అడగమనాలె. పాఠ్యపుస్తకంలో లేని పాఠం అక్కడ దొరుకుతది. అయితే అడిగేటప్పుడు మా అమ్మ మాట యాది పెట్టుకోవాలె. కొందరికి అది చెప్పుకోవాలనిపించని సంగతి. చెప్పమని ఒత్తిడి చెయ్యొద్దు.

మొన్న మళ్లీ ఆ హోటలుకు పోయిన. అసలు సంగతి చెప్పిన. బోర్డు వాపసు అడగలేదు. గోడకు ఒక చిన్న చీటీ అంటించమన్న – ఇది చాయ దుకాణం మీద ఇన్నేండ్లు, మాదిగవాడలో తానాల తడుకగా ఇరవై ఏండ్లు ఉన్నదని. ఆయన చాలాసేపు బోర్డు దిక్కు చూసిండు. 'తినేకాడ గిదంతా ఎందుకు తమ్మీ' అన్నడు. చాయ పైసలు మాత్రం తీసుకోలేదు. నేను బలవంతంగా టేబుల్ మీద పెట్టి వచ్చిన.